ఒంటి తొట్టి

తొమ్మిదో తొట్టి మూత ఎత్తగానే వేడెక్కిన ఆముదం కంపు జములమ్మ ముఖానికి కొట్టింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆ వాసన ఆమెకు ఇంకా అలవాటు కాలేదు. చల్లగా ఉంచేందుకు పోసిన నూనె అడుగున వరసగా నిలబెట్టిన సర్వర్ పలకల మీద పచ్చటి దీపాలు మసకగా మిణుకుతున్నాయి. ఆమె ఉష్ణమాపకం ముంచి చూసింది. అరవై ఒకటి. నలభై ఎనిమిది దాటకూడదు.

“మళ్ల కాగుతున్నది ఉసేనప్పా.”

“నిన్న రెండుసార్లు నూనె మార్పించిన మేడం,” అన్నాడు తొట్ల మెకానిక్ ఉసేనప్ప, జిడ్డు చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ. “నూనె మారిస్తే ఏమొస్తది? లోపలున్నదాన్ని మార్చాలె.”

లోపలున్నది ‘ఆ క్షణం’ అనే వెబ్‌సైట్ అని ఇద్దరికీ తెలుసు.

పాలమూరు తొట్ల కేంద్రంలో నాలుగు వందల ఉమ్మడి తొట్లున్నాయి. ఒక్కో తొట్టిలో ఒకే యంత్రాన్ని రెండు వందల వెబ్‌సైట్లు పంచుకుంటాయి. ఒకదానికి జనం పోటెత్తితే మిగతావి ఊపిరాడక ఆగిపోతాయి. అందుకే ప్రతి నెలా ఒక్క వెబ్‌సైట్‌కు ఒంటి తొట్టి ఇస్తారు. ఆ యంత్రమంతా దానిదే. మూతకు ముద్ర పడ్డాక అధికారులు కూడా తెరవకూడదు. ఎవరికివ్వాలో నిర్ణాయకం అనే ప్రోగ్రాం లెక్కకట్టి సూచిస్తుంది. యోగ్యతాధికారి వేలిముద్ర వేస్తే ఖాయమవుతుంది. ఇక్కడ యోగ్యతాధికారి జములమ్మే.

ఈ నెల నిర్ణాయకం సూచించిన పేరు ‘ఆ క్షణం’. వందకు రద్దీ తొంభై ఏడు, వేగం తొంభై తొమ్మిది, గోప్యత తొంభై. సైట్‌లో ఏముందన్నది ఆ లెక్కలోకి రాదు. వేలిముద్రకు ముందు అధికారి మామూలు సందర్శకుడిలా ఆ సైట్‌ను గంటసేపు చూడాలని మాత్రం నియమం ఉంది. దాన్ని గంటచూపు అంటారు.

పదింటికి గంటచూపు మొదలైంది. ‘ఆ క్షణం’ తరఫున శశాంక్ అనే యువకుడొచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చెదరని నవ్వు.

తెర మీద ఏదో ఆసుపత్రి వరండా. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి ముఖం తెరంతా నిండింది. అర్థం కావడానికి ఆమెకు రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లనూ నెమ్మదిగా, మూడుసార్లు చూపించారు. ముఖం కింద, చూస్తున్నవాళ్లు వేసే మార్కుల అంకె పెరుగుతూ పోయింది. పచ్చిదనం: 9.1.

తర్వాత ఫ్యాక్టరీ గేటు ముందు ఒక పెద్దాయన. రేపటి నుంచి రావద్దని చెప్పారు. పచ్చిదనం: 6.4. సైట్ చూస్తున్న జనం పెదవి విరిచి వెళ్లిపోయారు. ఆ తర్వాత పరీక్ష ఫలితం చూసుకుంటున్న అమ్మాయి.

జములమ్మ మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి పక్కన పెట్టింది.

“నాలుగు సెకన్లు ఆలస్యమవుతోంది మేడం,” అన్నాడు శశాంక్. “ఈలోపు ఏం జరగబోతోందో చూసేవాళ్లకు ఎవరో ఒకరు ముందే చెప్పేస్తున్నారు. పచ్చిదనం చచ్చిపోతుంది. ఒంటి తొట్టి ఉంటే రోజుకు మూడింతల ముఖాలు చూపించగలం.”

“వీళ్లంత ఒప్పుకున్నరా?”

“ఆసుపత్రిలో చేరేటప్పుడు కాగితాల మీద సంతకాలు పెడతారు కదా, అందులోనే ఉంటుంది. ఎవరూ చదవరు.” నవ్వాడు. “ముద్ర పడితే ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు కూడా ఉండరు.”

గంట పూర్తయ్యాక అతన్ని వరండాలో కూర్చోమని చెప్పి, జములమ్మ తొమ్మిదో తొట్టి ఫిర్యాదులు తెరిచింది. ఒకే పేరు ఏడుసార్లు కనిపించింది. ‘కాటు కబురు’. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో, ఎన్ని సీసాలున్నాయో చెప్పే సైట్. రోజుకు నలభై ఒక్క మంది చూస్తారు. నడిపేది ఎస్తేరు రాణి, రిటైరైన నర్సు. జములమ్మ ఆమెకు ఫోన్ చేసింది.

“ఏడుసార్లు రాసిన బిడ్డా. మాట్లాడింది నువ్వే మొదలు,” అంది ఎస్తేరు రాణి. గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. “రోజు పొద్దుగాల దవాఖానలకు ఫోన్లు చేసి, ఎన్ని సీసలున్నయో అడిగి ఎక్కిస్త. ఎక్కిచ్చి ఏం లాభం, తెరుచుకోకుంటే?”

“ఏమైంది?”

“మొన్న బేస్తవారం నాలుగున్నరకు మిరప చేన్ల హనుమద్దాసు అనేటాయనను కట్లపాము కరిచింది. బామ్మర్ది మన సైటు తెరిచిండు. పదమూడు నిమిషాలు తిరుగుతనే ఉన్నదంట. ఇగ ఆగలేక అందాజగ ఒక దవాఖానకు ఉరికిండ్రు. ఆడ మందు లేదు. రెండోదానికి పోయేసరికి పానం పోయింది. భార్య పేరు చిట్టెమ్మ. నేను పోయొచ్చిన వాళ్లింటికి.”

“మీరెందుకు పోయిండ్రు?”

“సైటు నాది గద బిడ్డా. తప్పయిందని చెప్పాలె గద.”

ఫోన్ పెట్టేసి జములమ్మ గురువారం నాటి నమోదులు తీసింది. నాలుగున్నరకు ‘ఆ క్షణం’ మీద ఇరవై ఒక్క లక్షల మంది ఉన్నారు. పెళ్లి మండపంలో ఒక పెళ్లికూతురికి చెడ్డ వార్త చెబుతుంటే చూస్తున్నారు. తొట్టిలోని మిగతా సైట్లన్నీ పదమూడు నిమిషాలు బిగుసుకుపోయాయి.

అక్కడితో ఆపాల్సింది. కానీ ఆమె వేలు కిందికి జరిగింది. ఆరూ యాభై. ఆసుపత్రి గుమ్మం. కట్లపాము కాటు. భార్య. పచ్చిదనం: 9.6. ఈ వారపు ఉత్తమం.

జములమ్మ ఆ బొమ్మను తెరవలేదు. లేచి మూలనున్న వాష్‌బేసిన్ దగ్గరికి నడిచింది. కుళాయి తిప్పి, రెండు చేతులూ గట్టుకు ఆనించి వంగి నిలబడింది. మొగుడి ప్రాణానికి అడ్డంపడ్డ గుంపే, రెండు గంటల తర్వాత పెళ్లాం ఏడుపుకు మార్కులు వేసింది. ఆ గుంపుకు తాను ఇప్పుడు ఇల్లు కట్టివ్వాలి.

ఉసేనప్ప గుమ్మంలోంచి చూశాడు. ఆమె జరిగింది చెప్పింది.

“ఒక మాట చెప్పాల్నా మేడం? ఇచ్చెయ్. ఆ పీడ ఒంటి తొట్టిల పడి సావనీ. ఈడున్న పాముల సైటుకన్న గాలాడుతది.”

ఆ మాటలో న్యాయముంది. అదే ఆమెకు ఎక్కువ రోతగా అనిపించింది.

“ఇస్తే ముద్ర పడతది. ఇగ లోపల ఏం చేసినా మనం అడగరాదు. రోజుకు మూడింతల చిట్టెమ్మలు.”

“ఇయ్యకుంటే ఇంకో హనుమద్దాసు.”

“రెండు కాకుండ చేస్త,” అంది జములమ్మ.

శశాంక్‌ను లోపలికి పిలిచింది. నిర్ణాయకం తెర మీద ‘ఆ క్షణం’ పేరు కొట్టేసి ‘కాటు కబురు’ అని రాసింది.

తెర కాసేపు ఆగింది. “రోజుకు నలభై ఒక్క మంది సందర్శకులు. యంత్రంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఖాళీగా ఉంటుంది. కారణం ఎంచుకోండి: రద్దీ, వేగం, గోప్యత, ఇతరం.”

“ఖాళీ యంత్రం మేడం అది!” శశాంక్ కుర్చీలోంచి లేచాడు. “నలభై ఒక్క మంది కోసమా?”

“ఖాళీగనే ఉండాలె. పాము టైం చెప్పి కరవది.”

ఆమె ‘ఇతరం’ నొక్కింది. ఆరేళ్లుగా దేశంలో ఏ అధికారీ దాని జోలికి పోలేదు. అక్కడ మనిషి సొంతంగా రాసి వేలిముద్ర వేసిన కారణం అన్ని కేంద్రాలకూ నియమమైపోతుంది, వెనక్కి తీసుకోవడం కుదరదు. జములమ్మకు గొప్ప వాక్యాలేమీ తోచలేదు. తనకు కావలసింది రాసింది. ‘ఈ సైట్ ఒక్క నిమిషం తెరుచుకోకపోతే ఎవరికి ఏమవుతుంది? ఆ జవాబును బట్టి చోటు ఇవ్వాలి.’ వేలు ఆనించింది.

తెర తెల్లబోయింది. కొద్ది క్షణాలకు శశాంక్ జేబులో ఫోన్ మోగింది. నిర్ణాయకం అన్ని సైట్ల వాళ్లకూ పంపిన అదే ప్రశ్న. మూడు గంటల గడువు. అతను విసురుగా ఏదో కొట్టి పంపాడు. ఆ జవాబు నిర్ణాయకం తెర మీద కనబడింది. ‘ప్రేక్షకుల ఆసక్తి తగ్గుతుంది.’ దాని కింద నిర్ణయం పడింది. ‘చివరి వరుస. నూనె వేడెక్కితే ముందుగా ఆపవలసినది.’

శశాంక్ ఇంకెవరికో ఫోన్ చేస్తూ మెట్లు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం జములమ్మ అన్నం డబ్బా తెరవలేదు. తెర మీద కొత్త నియమం అమలైన కేంద్రాల పేర్లు ఒకటొకటిగా ఎర్రబడటం చూస్తూ కూర్చుంది. ఎన్నో ఏళ్ల ముద్రలు ఊడిపోతున్నాయి. వరద హెచ్చరికల సైట్లు, రక్తం అడిగేవాళ్ల సైట్లు, మందుల జాబితాలు, ఎవరూ పేరు వినని చిన్న చిన్న సైట్లు ఉమ్మడి తొట్లలోంచి పైకి వస్తున్నాయి. తన ఉద్యోగం ఈ రోజుతో సరి అని ఆమెకు తెలుసు. భయం వేసింది కూడా.

మూడింటికి ముఖ్య కార్యాలయం నుంచి సంచాలకుడు చిదంబరరావు ఫోన్ చేశాడు.

“ఏం రాశావమ్మా నువ్వు? మూడు వందల తొట్లు తలకిందులయ్యాయి. వెనక్కి తీసుకో!”

“వేలిముద్ర పడ్డంక రాదు సార్. ఆ నియమం మీరే పెట్టిండ్రు.”

“నీ సంగతి తర్వాత చూస్తాను.” ఆయన గొంతు తగ్గించాడు. “మా కార్యాలయం సైట్‌కు కూడా ఆ ప్రశ్న వచ్చింది. ఇంకా పదకొండు నిమిషాలే ఉంది. ఏం రాయమంటావు?”

“మీ సైటుల ఏముంటది సార్?”

“ఏముంటుంది… ప్రారంభోత్సవాల ఫొటోలు. మా సందేశాలు. వార్షిక…”

“ఒక్క నిమిషం తెరుచుకోకుంటే ఎవరికి ఏమైతది సార్?”

ఆమె వెటకారంగా అడగలేదు. జములమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని, ఆయన జవాబు కోసం ఎదురుచూసింది.