చచ్చిన రేచుకుక్కలు చూపిన గుహ

నల్లమల పటం మీద డాక్టర్ వకుళ మూడు ఎర్రచుక్కలు పెట్టింది. నెల రోజుల్లో ఆ మూడు చోట్లా రేచుకుక్కలు మూర్ఛలతో గిలగిల కొట్టుకుని చచ్చాయి. వాటిని చంపిన, కుక్కల నుంచి అడవి జంతువులకు పాకే డిస్టెంపర్ వైరస్ జన్యువులను ఆమె పోల్చి చదివింది. దక్షిణాన దొరికిన దానిలో మూడు కొత్త మార్పులు, నడిమి దానిలో రెండు, ఉత్తరపు దానిలో ఒక్కటే. వైరస్ పాకేకొద్దీ మార్పులు పెరుగుతాయి; అంటే జబ్బు ఉత్తరం నుంచి దిగుతోంది!

"ఉత్తరాన ఏముంది ఈదన్నా?"

దారి చూపే చెంచు ఈదన్న ముఖం ముడుచుకుంది. "గుహ ఉండాది డాక్టరమ్మా. నిధి కోసం తవ్వేటోళ్లు నెలన్నర నుంచి వేటకుక్కలతో ఆడనే ఉండారు."

రెండు రోజులు నడిచారు. అడవిలో పక్షి కూత కూడా లేదు. గుహలోకి వంగి దూరగానే కుళ్లు కంపు గుప్పుమంది. మనుషులు లేరు, పారలు వదిలేసి పారిపోయినట్టున్నారు. టార్చి వెలుగులో లోతైన గొయ్యి, అందులో సగం బయటపడ్డ రాగి బిందె, దాని పగులులో బంగారు నాణేల మెరుపు. పక్కనే సగం తిన్న వేటకుక్క కళేబరం. దాని చుట్టూ పెద్దపులి అడుగులు.

"ఆడపులి. ఎదిగిన పిల్లలు రెండు ఉండాయి దీనికి. అయి మాత్రం బయట్నే ఆగినాయి, లోపలికి రాలే," అన్నాడు ఈదన్న.

కళేబరం ముక్కులోంచి వకుళ నమూనా తీస్తుండగా గుహ ద్వారం చీకటైంది. గర్జనకు రాళ్లు రాలాయి.

"ఎనక సందులోకి దూరమ్మా! బేగి!"

"బిందె?"

"అది పట్టుకుంటే ఈ సందులో పట్టం! పద!"

మోచేతులు చీరుకుపోగా ఇద్దరూ అవతలి వాలు మీద పడ్డారు.

తెచ్చిన నమూనా పరీక్షిస్తే, వేటకుక్క వైరస్‌లో ఆ మూడు మార్పుల్లో ఒక్కటీ లేదు. మూలం అదే. దాన్ని తిన్న పులి వంతు తరువాతిది.

"పులి బాగానే ఉంది కదా?" అన్నాడు అటవీ అధికారి.

"జబ్బు పైకి కనబడ్డాక మనం చేసేదేమీ ఉండదు సార్. కనీసం పిల్లలకైనా టీకా వేయనివ్వండి!"

మర్నాడే రెండు పిల్లలకూ టీకా సూదులు పేల్చారు. తల్లి చిక్కలేదు. ఇరవయ్యో రోజు పట్టపగలు అది తూలుతూ రోడ్డెక్కి, మనుషులను చూసి కూడా బెదరక, అక్కడే కూలిపోయింది.

నెల తరువాత కెమెరాలో పిల్లలు రెండూ వాగు దాటుతూ కనిపించాయి. వకుళ వాటి కాళ్లనే చూసింది.

"తిన్నగానే నడస్తన్నాయమ్మా," అన్నాడు ఈదన్న.