తేనెటీగలకు చెప్పిన పేరు

పొయ్యి మీద ఓట్స్ జావ అడుగంటుతున్నా హెస్టర్ గరిటె తిప్పడం లేదు. కిటికీలోంచి కోడలినే చూస్తోంది. పెద్దకొడుకు భార్య రూత్ చంటివాడిని భుజాన వేసుకుని, తేనెపెట్టెల దగ్గర మామగారితో గుసగుసలాడుతోంది. కట్టుకున్నదానితోనే ముక్తసరిగా మాట్లాడే ఏమస్‌కు కోడలితో అన్ని కబుర్లేమిటి?

ఆదివారం చర్చిలో పిల్లవాడికి ఎడ్మండ్ అని పేరు పెడతారట. ఆ యార్క్‌షైర్ కొండల్లో తొలి మనవడికి తాత పేరే పెడతారు. అటువైపు వాళ్ళలోగాని, ఇటువైపు వాళ్ళలోగాని ఎడ్మండ్ అనేవాడు లేడు. నిన్న పాస్టరుగారిని అడిగితే, "పాత ఇంగ్లీషు పేరమ్మా. ఎడ్ అంటే కలిమి, మండ్ అంటే కాపు. కలిమికి కాపు కాసేవాడు" అన్నారు.

కలిమంటే ఈ పొలం, ఈ గొర్రెలే కదా! చిన్నకొడుకు నార్మన్‌కు గడ్డిపరక దక్కకుండా కోడలు పేరుతోనే కంచె వేస్తోందన్నమాట.

రూత్ లోపలికొచ్చింది, వెనకే ఏమస్. "అత్తయ్యా, వీధి తలుపు తాళంచెవి ఇస్తారా? తేనెటీగలకు బాబు పేరు చెప్పాలి."

అక్కడి ఆచారం ప్రకారం, ఇంట్లో ఒకరు పుట్టినా, పోయినా తాళంచెవితో పెట్టె తట్టి ఈగలకు చెప్పాలి. చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి.

"ఇవ్వను. ఆ పేరు నీకెవరు నేర్పారే? మీ పుట్టింటివాళ్ళా? మా నార్మన్ నోట్లో మన్ను కొట్టడానికేగా!"

"అదేం మాట అత్తయ్యా!"

"నంగనాచి కబుర్లు చెప్పకు. ఆ పేరు పెడితే నేను చర్చి గడప తొక్కను."

రూత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరే చెప్పండి మామయ్యా. చెప్పనని మీకు మాటిచ్చాను."

ఏమస్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"పురిట్లోనే పోయిన మన తొలిచూలు వాడి పేరు అది."

హెస్టర్ గరిటె వదిలేసింది. "వాడికి పేరెక్కడిది? బాప్తిస్మం కాకుండానే పోయాడుగా!"

"నేను పెట్టుకున్నా. నీకప్పుడు స్పృహ లేదు. పెట్టె తట్టి ఈగలకు మాత్రం చెప్పా. ఏటేటా ఆ రోజు చెప్తూనే ఉన్నా. మొన్న ఈ పిల్ల వినేసి, బాబుకు ఆ పేరే పెడతానంది."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వు ఏడుస్తావని."

"అయినా... కలిమికి కాపేమిటి? మనకప్పుడు ఏముందని?"

"నువ్వున్నావు. నువ్వూ దక్కవంది మంత్రసాని. పోయేవాడు పోతూ నిన్నయినా కాస్తాడేమోనని ఆ పేరు పెట్టా." ఏమస్ భార్య వైపు చూశాడు. "కాశాడు."

జావ మాడిన వాసన ఇల్లంతా కమ్మింది. హెస్టర్ నడుముకు కట్టుకున్న ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుని, దాని జేబులోంచి తాళంచెవి తీసింది. కోడలి భుజం మీంచి పిల్లవాడిని అందుకుంది.

"రావే అమ్మా. పెద్దదాన్ని, ఏదో వాగాను."

పెరట్లో మొదటి పెట్టెను మెల్లగా తట్టింది.

"ఎడ్మండ్ వచ్చాడర్రా," అంది.