నడుం మీది కుండ

శ్రీరామ్మూర్తికి తెల్లవారుజామున ఒక కల వచ్చింది. మెలకువ వచ్చి కూర్చున్నా అది పూర్తిగా వదలలేదు. కలలో పెద్ద విశేషమేమీ లేదు. పద్మనాభం దగ్గరి తమ ఊళ్లో, తాటాకు పాక నీడలో కుమ్మరి సారె తిరుగుతోంది, దాని మీద మట్టి లేస్తోంది. అంతే. గోదావరిలో మునిగొచ్చిన వాడిలా ఆయన ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది. కంచరపాలెం రైలు పట్టాల మీద గూడ్సుబండి ఒకటి ఎంతకీ తెమలకుండా వెళుతోంది. ఎక్కడో హార్బరు వైపు ఓడ కూత పెట్టింది.

లేచి టీ కాచుకున్నాడు. అల్లుడు సాయిశంకర్ రాత్రి డ్యూటీకి వెళ్లాడు, ఇంకా రాలేదు. కూతురు సూర్యకళ రెండో గదిలో గాఢంగా నిద్రపోతోంది. చేతులకు ఎండిన మట్టి కూడా కడుక్కోకుండానే పడుకుంది పిచ్చిపిల్ల.

శ్రీరామ్మూర్తి పుట్టింది కుమ్మరి ఇంట్లో. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బకెట్లు వచ్చి కుండల్ని సంతలోంచి తరిమేసేదాకా ఆ పనే చేశాడు. తర్వాత భార్య అసిరమ్మనీ, పిల్లనీ తీసుకుని పట్నం వచ్చి పోర్టులో కలాసీగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. మళ్లీ మట్టి ముట్టుకోలేదు. విచిత్రమేమిటంటే ఆయన వదిలేసిన మట్టిని కూతురు వెళ్లి పట్టుకుంది. యూనివర్సిటీలో చదివి మరీ పట్టుకుంది. సిరామిక్ ఆర్టిస్టు అంటే ఏమిటని వీధిలో ఎవరైనా అడిగితే, "మన పనే బాబూ, కాపోతే కరెంటుతో" అని చెప్పేవాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం, కాస్త బిడియం ఉండేవి. ఎందుకంటే వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు మట్టి తెచ్చేవారు, తొక్కేవారు, ఎండిన కుండలకు రంగు పూసేవారు, కానీ సారె ముందు కూర్చునేవారు కాదు. కూతురు మొదటిసారి సారె మీద చెయ్యి వేసినప్పుడు ఆయన ఏదో పని ఉన్నట్టు కిందికి దిగిపోయాడు. మర్నాడు మాత్రం మెట్ల మీద కూర్చుని పూర్తిగా చూశాడు.

టీ గ్లాసుతో డాబా మీదికి వెళ్లాడు. రేకుల షెడ్డులో ఒక పక్క మోటారు సారె, ఒక మూల కరెంటు బట్టీ. గోడకి దారంతో వేలాడదీసిన చిన్న చిన్న మట్టి బిళ్లలు గాలికి గలగలమంటున్నాయి. ఒక్కో బిళ్ల మీద ఒక్కో పూత. ఏ పూత ఏ వేడికి ఏ రంగు తిరుగుతుందో చూసుకోవడానికి సూర్యకళ వాటిని కాల్చి పెట్టుకుంటుంది. పాత ఇనుము కొట్లోంచి తుప్పు పొడి తెచ్చి కలిపితే తేనె రంగు వస్తుందిట. దాని కోసం వానాకాలమంతా తంటాలు పడింది. ఇల్లు గడవడానికి కాఫీ హోటళ్లకు కప్పులు చేస్తుంది, ఆదివారాలు పిల్లలకు నేర్పుతుంది. మిగిలిన పొద్దంతా తన సొంత పని.

ఆ సొంత పనే ఇప్పుడు ప్లాస్టిక్ గుడ్డ కింద వరసగా ఉంది. పెద్ద పెద్ద కుండలు. బీచ్‌రోడ్డు గ్యాలరీలో మొట్టమొదటిసారి తన పేరు మీదే ప్రదర్శన. వచ్చే నెలే.

శ్రీరామ్మూర్తి గుడ్డ తీసి చూసి, నాలుగు రోజులుగా నిట్టూరుస్తున్నట్టే మళ్లీ నిట్టూర్చాడు. ప్రతి కుండకీ ఒక పక్క సొట్ట. అరచెయ్యంత లోతు. అలిసిపోయిన చేతులతో సారె మీంచి ఎత్తేటప్పుడు ఎక్కడో తగిలించేసుకుంటోంది కాబోలు. చెబితే బాధపడుతుందని నోరు మూసుకున్నాడు. ఇంకో రెండు రోజులాగితే మట్టి గట్టిపడిపోతుంది, ఇక బాగుచేయడానికి కుదరదు.

కల ఇంకా చేతుల్లోనే ఉంది. డాబా మూల నున్నటి గుండ్రాయి ఒకటి దొరికింది, కట్టెల్లో వెడల్పాటి చెక్క దొరికింది. మొదటి కుండని ఒళ్లోకి తీసుకున్నాడు. లోపల రాయి ఆనించి, పైన చెక్కతో మెల్లగా తట్టాడు. తప్, తప్, తప్. ముప్పై ఏళ్లు పడుకున్న చేతులు ఉలిక్కిపడి లేచాయి. సొట్ట కొద్దికొద్దిగా పైకి వచ్చింది, నిండింది, చంద్రుడిలా గుండ్రంగా అయింది. ఆయనకి ఏడుపొచ్చినంత పని అయింది. ఇంకొకటి తీసుకున్నాడు, తర్వాత ఇంకొకటి. సింహాచలం కొండ మీద ఎండ పడేసరికి షెడ్డులో ఒక్క సొట్ట కూడా మిగల్లేదు.

"నాన్నా, ఏటా సప్పుడు?" అంటూ సూర్యకళ జుట్టు ముడేసుకుంటూ పైకొచ్చింది.

ఆయన పండక్కి కొత్త బట్టలు చూపించే పిల్లాడిలా నవ్వాడు. "రా తల్లీ, సూడు. అన్నీ బాగు సేసీసినాను. సొట్టకుండ ఎవులు కొంతారు సెప్పు?"

సూర్యకళ ఒక కుండ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. చేత్తో తడిమింది. తర్వాత రెండోది. మూడోది తడమలేదు.

"నాన్నా... అవి సొట్టలు కావు."

"ఏటీ?"

"నానే పెట్టినాను. మెత్తగా ఉన్నప్పుడే నా నడుంకి ఆనించుకుని, ఒక్కోదానికీ ఒత్తినాను. నెల పట్టింది నాన్నా! ఎన్ని ఇరిగిపోనాయో, ఎన్ని మళ్లీ సేసినానో నీకు తెల్దు."

"సొట్ట పెట్టడవేటి తల్లీ, కుండకి?"

"అది అమ్మ నడుం!" ఆ మాట అరుపులా వచ్చింది. "బోరింగు కాడి నుంచి అమ్మ కుండ మోసిన సోటు. అమ్మ పోయి రెండేళ్లు. ఫొటోలో ఉన్నాది మొహం ఒక్కటే. నాకు గుర్తుండిపోయింది అమ్మ నడుం మీద ఆనుకున్న కుండే. అదే జనానికి సూపిద్దామనుకున్నాను. నువ్వు ఒక్క పొద్దులో అమ్మని తుడిచీసినావు."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన సాయిశంకర్ చేతిలో ఇడ్లీ పొట్లంతో మెట్ల మీదే ఆగిపోయాడు. "ఏటైంది కళా? మావయ్య తెలిసి సేసినారేటి? అడక్కుండా నువ్వు అరిస్తే ఎలగ?"

"నువ్వూరుకో. ఈయన బతుకంతా ఇంతే." సూర్యకళ తండ్రివైపు తిరిగింది. కళ్లలో నీళ్లు, గొంతులో మాత్రం నిప్పు. "కుండ గుండ్రంగా ఉందా, కారతన్నాదా, అదే సూసినావు నువ్వు. దాన్ని మోసిన మనిషిని ఒక్కనాడైనా సూసినావా? అమ్మ నడుం పడిపోయేదాకా నీకు తెలిసిందా?"

శ్రీరామ్మూర్తి రాయి కింద పెట్టి, చెక్క దాని పక్కన పెట్టి, మెట్లు దిగి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

రైల్వే గేటు దగ్గర వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నాడు. అసిరమ్మ కోసం చేసే కుండని మిగతావాటి కంటే పల్చగా చేసేవాడు తను. బరువు తగ్గాలని. పల్చన కుండ ఊరికే పగిలిపోయేది. "పేరుకి కుమ్మరోడివి, ఇంట్లో కుండ నెల నిలవదు" అని ఆవిడ వీధంతా వినపడేలా దెప్పేది. ఆయన నవ్వి ఊరుకుని, ఈసారి ఇంకొంచెం పల్చగా చేసేవాడు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఇప్పుడు కూతురికి చెబుదామా అంటే, తప్పు చేసి సాకులు చెబుతున్నట్టుంటుంది. చెప్పకపోతేనే నయం అనుకున్నాడు. ఇంత పెద్ద చేతులు పెట్టుకుని ఆ ఒంపు పోల్చుకోలేకపోయానే అని తనమీద తనకే కోపం వచ్చింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సూర్యకళ షెడ్డులో కప్పులకు చెవులు అతికిస్తోంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది, అయినా హోటలు వాళ్లకి ఇవ్వాల్సిన పని ఆగదు కదా. సాయిశంకర్ పడుకోకుండా పక్కనే కూర్చుని తడిగుడ్డ అందిస్తున్నాడు.

శ్రీరామ్మూర్తి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సూరీ, వాటిని ఇంకా కాల్సలేదు కదా. నానబెట్టీద్దాం. రెండు దినాల్లో మళ్లీ మట్టైపోద్ది. నాను తొక్కి పెడతాను. నువ్వు మళ్లీ సెయ్యి."

"నెల పని నాన్నా అది. ఉన్నవి రెండు వారాలు. ఆరాలా, కాలాలా?"

"ఎన్నైతే అన్నే."

సూర్యకళ తల వంచి ఇంకో చెవి అతికించింది. కాసేపటికి సాయిశంకర్ లేచి పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఈడ్చుకొచ్చాడు. "మావయ్యా, మీరటు పట్టండి" అన్నాడు. చంద్రుడిలా గుండ్రంగా ఉన్న కుండలు ఒక్కొక్కటే నీళ్లలోకి వెళ్లి, బుడగలు వదిలి, అంచుల నుంచి మెల్లమెల్లగా కరిగిపోయాయి. ఆ రాత్రి తండ్రీకూతుళ్లు మాట్లాడుకోకుండానే అన్నాలు తిన్నారు. కానీ పడుకోబోయే ముందు సూర్యకళ ఆయన గ్లాసులో మజ్జిగ పోసి, ఉప్పు చాల్లేదని మళ్లీ వేసి కలిపి ఇచ్చింది. ఇంట్లో రాజీ అన్నది ఎప్పుడూ అలాంటి దారుల్లోనే మొదలవుతుంది.

మట్టి ఆరి చేతికి వచ్చాక శ్రీరామ్మూర్తి పంచె ఎగ్గట్టి గోనెపట్టా మీద తొక్కాడు. మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి, కళ్లు మూసుకుని. సముద్రం మీంచి వచ్చే గాలికి గోడ మీది బిళ్లలు గలగలమంటుంటే ఆయనకి మళ్లీ కలలో ఉన్నట్టే అనిపించింది. సూర్యకళ గ్యాలరీ వాళ్లకి ఫోను చేసి కుండలు తక్కువే వస్తాయని చెప్పేసింది. తర్వాత సారె ముందు కూర్చుంది. ఈసారి ఆయన మెట్ల మీద కాక ఆమె పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి మొదటి కుండ ఎత్తడానికి వీలుగా బిగిసింది. సూర్యకళ దాన్ని రెండు చేతులా తీసి ఎడమ నడుంకి ఆనించుకుంది.

"అక్కడ కాదమ్మా" అన్నాడు శ్రీరామ్మూర్తి.

ఆమె మొహం బిగుసుకుంది. "నాకు బాగా గుర్తు నాన్నా. ఇక్కడే పెట్టుకునీది."

"నీకు నడకొచ్చినాక అక్కడే. అంతకుముందు ఇంకా కిందకి. తుంటి మీదకి." ఆయన లేచి దగ్గరికొచ్చాడు. "కుడిపక్క సంకలో నువ్వుండీదానివి. నిన్నెత్తుకుంటే మీయమ్మ ఒళ్లు అటు ఒంగీది. ఇటు కుండ జారీది. జారినప్పుడల్లా తుంటితో ఎగేసుకునీది. బోరింగు కాడి నుంచి గుమ్మందాకా వొచ్చేలోపు నాలుగుసార్లు."

సూర్యకళ చేతుల్లో కుండ కదల్లేదు.

"నీకెలగ తెలుసు నాన్నా?"

"సూసీవోణ్ణి కదేటి. సారె కాడ నుంచి. పొద్దుట ఒకపాలి, సాయంత్రం ఒకపాలి. సారె ఆగిపోయీది. 'పని సూసుకో, నన్నేటి సూత్తావ్' అని తిట్టీది మీయమ్మ."

సూర్యకళకి తన నోటి నుంచి వచ్చిన మాటలు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ అమ్మ నడుం తన ఒక్కదానికే గుర్తుందనుకుంది. ఆ నడుం మీద రెండో పక్క తనే ఉంది. అందుకే ఈ పక్క ఎలా ఉండేదో తనకు తెలియదు. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఒక్క మాట ఎదురు చెప్పకుండా.

"తప్పుగా అన్నాను నాన్నా" అంది.

"ఊరుకో తల్లీ. ఆరిపోద్ది మట్టి."

ఆయన అరచేత్తో కుండ అడుగు పట్టి కిందికి దించి, ఆమె తుంటి మీద ఆనించాడు. సూర్యకళ ఒళ్లు కుడివైపుకి ఒంచింది. ఆ పక్క చెయ్యి ఖాళీగా, ఎవరినో ఎత్తుకున్నట్టు మడిచింది. తడిమట్టి మెల్లగా లోపలికి దిగి ఆమె ఒంటి ఒంపు తీసుకుంది. కుర్తాలోకి బురద చల్లగా ఇంకింది.

"నడువమ్మా" అన్నాడాయన. "అలగ ఆ గోడకాడ నుంచి గుమ్మందాకా రా."

సూర్యకళ ఏడుస్తూనే నడిచింది. నాలుగడుగులు వేసేసరికి కుండ కాస్త జారింది, తెలియకుండానే తుంటితో ఎగేసుకుంది. శ్రీరామ్మూర్తి పంచె చెంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, రెప్ప వేయకుండా నిలబడ్డాడు. ఆమె గుమ్మం చేరేదాకా ఆయన ఒక్కసారి కూడా కుండకేసి చూడలేదు.