ఇంజిన్ వేడెక్కేదాకా

ఉదయం ఆరున్నరైనా మా ఊరు కుంగూర్‌లో ఇంకా చీకటే. కిటికీ బయట తగిలించిన థర్మామీటర్ సున్నాకి కింద ఇరవై ఏడు చూపిస్తోంది. మూడో అంతస్తు వంటింట్లో క్లావ్దియా రవ్వ జావ కలుపుతూ, కిందినుంచి వస్తున్న కారు చప్పుడు వింటోంది. ఆ చప్పుడు వినపడితే చాలు, మొగుడు ఎక్కడున్నాడో ఆమె వెతుక్కోనక్కర్లేదు.

ఆ మొగుడు యెఫీమ్‌కి డెబ్బై ఒకటి. ముప్ఫై నాలుగేళ్ళు రొట్టెల లారీ నడిపాడు. లారీ పోయింది, రొట్టెల ఫ్యాక్టరీ మూతపడింది, పొద్దున్నే లేచి ఇంజిన్ స్టార్టు చేసే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు ఆయన వేడి చేసేది కోడలు తైసియా పనికి తీసుకెళ్ళే పాత కారు. తైసియా ఇరవై కిలోమీటర్ల అవతల ఊళ్ళో పసిపిల్లల బడిలో టీచరు. కొడుకు రోదియోన్‌ది ఉత్తరాన గ్యాస్ బావుల దగ్గర ఉద్యోగం. నెల అక్కడ, నెల ఇక్కడ. అందుకని ఏడాదిలో సగం రోజులు ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే.

తలుపు తీసుకుని యెఫీమ్ లోపలికొచ్చాడు. కనుబొమల మీద మంచు తెల్లగా పేరుకుంది.

"అయిందా మామయ్యగారూ? నేను బయల్దేరనా?" కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డ తైసియా అడిగింది.

"పదిహేను నిమిషాలే అయింది తాయా. ఇంకో పది ఆగు, నేను మళ్ళీ దిగుతున్నా."

"ఇవాళ నేను పెందలాడే వెళ్ళాలండీ."

"వెళ్ళు మరి, ఎవరొద్దన్నారు! లోపల నూనె ఇంకా తేనె పాకంలా ఉంటుంది. దారిలో పట్టేస్తే నన్నడగొద్దు."

"ఇప్పటి నూనెలు వేరండీ. స్టార్టు చేసి ఓ రెండు మూడు నిమిషాలాగి, మెల్లగా నడుపుకుంటూ పోతే దానంతటదే వేడెక్కుతుంది. ఇలా గంటల తరబడి నిలబెట్టి తిప్పితేనే ఇంజిన్‌కి చెరుపు. ఎక్కడ చూసినా అదే రాశారు."

"ఆ రాసినవాడిది ఏ ఊరో కనుక్కో. వెచ్చటి సోచీలో సముద్రపు గాలి పీలుస్తూ రాసుంటాడు."

"అబ్బబ్బ! మీ ఇద్దరినీ కిందకి తీసుకెళ్ళి ఆ బానెట్ మీద కూర్చోబెడితే సరి, మీ గొడవకే వేడెక్కి ఊరుకుంటుంది," అంది క్లావ్దియా.

ఎవరూ నవ్వలేదు. రోజూ వినే మాటకి ఎవరు నవ్వుతారు?

నిజానికి ఇద్దరిలో తప్పెవరిదో చెప్పడం కష్టం. చదివింది ఆమెకు తెలుసు, చలిలో పడ్డది ఆయనకు తెలుసు. అసలు చిక్కు వేరే ఉంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి, ఆరు శీతాకాలాలుగా, మామగారు సరేననేదాకా చిన్నపిల్లలా గుమ్మంలో నిలబడాల్సి రావడం తైసియాకి నామోషీగా ఉంది. యెఫీమ్‌కి చూస్తే, ఆ ఇరవై అయిదు నిమిషాలు తప్ప రోజులో తనదంటూ ఇంకో పని మిగల్లేదు. ఈ సంగతి ఇద్దరూ పైకి అనుకోలేదు. నెపమంతా ఇంజిన్ మీద పెట్టి పోట్లాడుకున్నారు.

ఆ ఆదివారం తైసియా ఎవరికీ చెప్పకుండా కారు తీసుకెళ్ళి, ఇంట్లోంచే ఇంజిన్ స్టార్టు చేసే పరికరం బిగించుకొచ్చింది. తాళంచెవికి వేలాడే చిన్న డబ్బా, దాని మీద ఒక బొత్తాం.

"అక్కా, ఒక్కటి మాత్రం మర్చిపోకు," అన్నాడు బిగించినతను. "కారు ఆపినప్పుడల్లా న్యూట్రల్‌లో పెట్టు. గేరులో ఉందో, బొత్తాం నొక్కగానే ముందుకి దూకుతుంది. ఇంట్లో అందరికీ చెప్పు."

ఇది మా ఊళ్ళో గట్టిగా చెప్పాల్సిన మాటే. చలికాలంలో ఇక్కడ ఎవరూ హ్యాండ్ బ్రేక్ వెయ్యరు. వేస్తే రాత్రికి బ్రేకులు గడ్డకట్టి తెల్లారేసరికి చక్రాలు కదలవు. అందుకే మొదటి గేరులో పెట్టి దిగిపోతారు. తండ్రులు కొడుకులకి నేర్పే మొదటి పాఠం అదే.

మధ్యాహ్నం బంగాళాదుంపల సూపు తాగుతుండగా తైసియా ఆ డబ్బాని బల్ల మీద పెట్టింది.

"రేపట్నించి మీరు కిందికి దిగనక్కర్లేదు మామయ్యగారూ. ఇక్కణ్ణుంచి నొక్కితే చాలు."

యెఫీమ్ చెంచా దించాడు. "ఎన్ని నిమిషాలు?"

"అయిదు."

"అయిదా!"

"అయిదు చాలు. కారు నడిపేది నేను. ఎప్పుడు కదలాలో కూడా నేనే చూసుకుంటా."

"తాయా, నేను నీ మంచికే..."

"నా మంచి నాకు తెలీదా? ముప్ఫై రెండేళ్ళు నాకు. రోజూ మీ కోసం గుమ్మంలో కాపలా కాయడం నా వల్ల కాదండీ!"

అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. క్లావ్దియా గబగబా రొట్టె ముక్కలు కోయసాగింది, అప్పటికే పళ్ళెం నిండా ఉన్నా. యెఫీమ్ కాసేపు ఆ డబ్బాని చూశాడు.

"సరేనమ్మా. అయితే నేనిక పడుకోవచ్చన్నమాట," అని లేచి గదిలోకి వెళ్ళాడు.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. న్యూట్రల్ సంగతి చెప్పాలని తైసియాకి రెండుసార్లు గుర్తొచ్చింది. ఆయన ఎలాగూ కారు జోలికి రాడు కదా అనుకుంది. మొహం చూడ్డమే ఇబ్బందిగా ఉంటే ఏం చెప్తుంది?

సాయంత్రం మంచు తీసే ట్రాక్టర్ వచ్చి హారన్ కొట్టింది. వాకిట్లో కార్లన్నీ పక్కకి తియ్యాలి. తైసియా స్నానానికెళ్ళింది. యెఫీమ్ దిగి కారు తీశాడు, పని కాగానే మళ్ళీ పెట్టాడు. నలభై ఏళ్ళుగా చేస్తున్నట్టే మొదటి గేరులో వదిలి వచ్చేశాడు.

సోమవారం ఏడుగంటలకి తైసియా వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. అద్దం నిండా మంచు పూలు, కింద ఏమీ కనబడదు. మామగారి గది తలుపు మూసే ఉంది. ఆమె బొత్తాం నొక్కింది.

కింద కారు ఒక్కసారి గుర్రుమంది. ఆ వెంటనే ధబ్‌మని శబ్దం. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"తాయా!" క్లావ్దియా పడగ్గదిలోంచి రాత్రి గౌనుతోనే పరుగెత్తుకొచ్చింది. "ఆయన పక్క మీద లేడు! మంచు తీసే పార కూడా లేదు!"

తైసియా ఇంటి చెప్పులతోనే మెట్లు దిగింది. ఎలా దిగిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకి గుర్తురాలేదు. కారు మూతి మంచుగుట్టలోకి దూరి ఉంది. దాని పక్కన యెఫీమ్ మంచులో కూలబడి ఉన్నాడు, పార ఇంకా చేతిలోనే ఉంది.

"మామయ్యగారూ! మామయ్యగారూ!"

"అరవకు, అందరూ నిద్రపోతున్నారు," అన్నాడాయన. పెదాలు పాలిపోయాయి. "బతికే ఉన్నాను. మోకాలొక్కటే కాస్త... వేడి చెయ్యొద్దన్నావు గానీ, చక్రాల ముందు మంచు తియ్యొద్దనలేదుగా."

తైసియా ఆయన పక్కనే మంచులో కూర్చుని ఏడ్చేసింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, మోకాలు బెణికింది. పది రోజులు మెట్లు దిగకూడదన్నారు. మధ్యాహ్నం రోదియోన్ ఫోన్ చేస్తే యెఫీమే తీశాడు.

"ఏం లేదురా. గేరులో వదిలేసింది నేనే. ముసలాడినైపోయాను, మతిమరుపు. కోడలి తప్పేం లేదు."

తైసియా ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

"అబద్ధం రోద్యా! గేరులో పెట్టొద్దని బిగించినతను నాకు చెప్పాడు. నేను మామయ్యగారికి చెప్పలేదు. ఆదివారం నానా మాటలూ అని, అలిగి కూర్చున్నాను. ఒక్క మాట చెప్పుంటే ఇలా జరిగేది కాదు. ఇంకో అడుగు ఇటు ఉండుంటే..."

యెఫీమ్ గోడవైపు తిరిగాడు. నేను ముందే చెప్పానా అని ఆయన ఒక్కసారి దెప్పినా ఆమెకి భారం తగ్గేది. ఆయన అనలేదు.

మర్నాడు తైసియా ఆ డబ్బాని అటక మీద పడేసి, మామూలు తాళంచెవి తీసుకుని కిందికి దిగింది. స్టార్టు చేసింది. అయిదు నిమిషాలకి ఇంజిన్ చప్పుడు మెత్తబడింది, వేడి చూపే సూది కదిలింది. తను చెప్పిందే నిజం, ఇంజిన్ సిద్ధంగా ఉంది. బయల్దేరబోయింది.

బయల్దేరలేకపోయింది. అద్దం మీద బయట మంచు గీకితే, లోపల తన ఊపిరే గడ్డకట్టి ఇంకో పొర పట్టింది. సీటు బండరాయిలా ఉంది, చలి కోటులోంచి ఎముకల్లోకి పాకింది. స్టీరింగ్ పట్టుకుంటే గ్లౌజుల్లోంచే వేళ్ళు సలిపాయి. చేతులు చంకల్లో పెట్టుకుని, పళ్ళు టకటకలాడుతుంటే గడియారం చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు. పదిహేను. ఇరవై దాటాక గానీ గొట్టాల్లోంచి వెచ్చని గాలి రాలేదు. ఇరవై అయిదో నిమిషానికి గ్లౌజులు తియ్యగలిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆరు శీతాకాలాల్లో పొద్దున్న ఈ కారెక్కగానే తను మొట్టమొదట చేసే పని గ్లౌజులు తీసి పక్కన పడెయ్యడం. రాత్రంతా చలికి బిగుసుకున్న స్టీరింగ్ ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. ఎక్కినప్పుడల్లా సీటు కూడా వెచ్చగానే ఉండేది. ఈ కారుకి సీట్లు వేడి చేసే ఏర్పాటు లేదు. అది మనిషి కూర్చుని లేచిన వేడి.

తైసియా స్టీరింగ్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళింది.

రాత్రి గిన్నెలు తుడుస్తూ అత్తగారిని అడిగింది.

"అత్తయ్యా, ఇంజిన్‌కి అయిదు నిమిషాలు చాలని మామయ్యగారికి తెలుసా?"

"ముప్ఫై నాలుగేళ్ళు లారీ తోలినవాడికి తెలీదా?" క్లావ్దియా నవ్వింది. "నువ్వొచ్చిన మొదటి చలికాలం, ఓ రోజు వేళ్ళు తెల్లగా పాలిపోయి ఇంటికొచ్చావు. గుర్తుందా? ఆ మర్నాటి నుంచీ మొదలెట్టాడు."

"మరి ఆ మాట నాతో చెప్పొచ్చుగా!"

"నీకోసమంటే నువ్వు అక్కర్లేదంటావు. ఇంజిన్ కోసమంటే పోట్లాడతావు గానీ, ఆగుతావు. ఆయన లెక్క అది."

పది రోజులు తైసియానే దిగింది, వేడి చేసుకుంది. పదకొండో రోజు కోటు తొడుక్కుంటుంటే యెఫీమ్ కర్ర పట్టుకుని టోపీ పెట్టుకుని గుమ్మంలో తయారుగా ఉన్నాడు.

"డాక్టరు చెప్పిన రోజులు అయిపోయాయి. నువ్వెళ్ళి టీ తాగు, నేను దిగుతా," అన్నాడు. అని, అనుమానంగా చూశాడు. ఆ చూపులో భయం కూడా ఉంది. ఇక అక్కర్లేదంటుందేమోనని.

"ఇద్దరం దిగుదాం రండి," అంది తైసియా.

ఆయన చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుగా దింపింది. ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు, ఆమె పక్క సీట్లో. బిగుసుకుపోయిన చలిలో ఇద్దరి ఊపిరీ తెల్లగా పొగ చిమ్మింది. ఇంజిన్ తిరుగుతోంది.

"మామయ్యగారూ, మీకు నేనెప్పుడూ థాంక్స్ చెప్పలేదు."

యెఫీమ్ కంగారుపడిపోయాడు. "నాకెందుకమ్మా? నేనేదో ఇంజిన్ కోసం... అలవాటు కదా..."

"ఇంజిన్‌కి అయిదు నిమిషాలు చాలు మామయ్యగారూ. మిగతా ఇరవై నావి. ఆరేళ్ళుగా మీరు నాకే ఇస్తున్నారు, నేనే చూసుకోలేదు. చాలా చాలా థాంక్స్."

యెఫీమ్ అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మోచేత్తో తుడవసాగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"ఇంకో పది నిమిషాలు ఆగాలి తాయా," అన్నాడు చివరికి.

"ఆగుదాం," అంది తైసియా, గ్లౌజులు తీసి ఆయన చేతిని తన చేతుల్లోకి తీసుకుంటూ.