తెర వెనుక ఖలీఫా

"ఇది కుట్టిన మనిషిని జెర బయటికి పిలువండి మాస్టరు," అంటూ ఆర్థర్ కాగితం పొట్లంలోంచి ఎర్ర లంగోటీ తీసి బల్ల మీద పెట్టాడు.

రాంగోపాల్‌పేటలోని ఆ ఇరుకు దుకాణంలో టైలరు దేవసహాయం తన వెనుక వేలాడుతున్న పూల తెర వైపు చూశాడు. తెర అవతల కుట్టుమిషన్ టక్కున ఆగింది.

"మా ఖలీఫా, అదే పెద్ద దర్జీ, బయటికి రాడు బాబూ. పెద్దమనిషి. గొంతు సుత పోయింది. నువ్వు చెప్పు, వింటడు. మిషన్ ఒక్కసారి తిప్పితే ఔనని, రెండుసార్లు తిప్పితే కాదని."

అది అబద్ధం. తెర వెనుక ఉన్నది దేవసహాయం కూతురు సలోమి. ఇరవై రెండేళ్ళ పిల్ల, చర్చి పాటల బృందంలో అందరికన్నా మంచి గొంతు ఆమెదే. కానీ మగవాళ్ళ లోపలి బట్టలు ఒక ఆడపిల్ల కుడుతోందని తెలిస్తే సికింద్రాబాద్‌లో ఒక్కడు కూడా ఆ మెట్టు ఎక్కడు. అందుకని ఆ ఇంట్లో ఒక ఖలీఫా పుట్టాడు.

ఆర్థర్ తెరకు సలాం చేశాడు.

"ఖలీఫా సాబ్, నేను రైల్వే షెడ్‌ల ఫిట్టర్‌ని, టీంల గోల్‌కీపర్‌ని. పోలీస్ యాక్షన్ అయిపోయింది, మైదానంల ఆట మళ్ళ షురూ అయింది. మిలిటరీ టీంతోటి మ్యాచ్ ఉంది. నేను బంతి కోసం పడుతుంటే ఈ లంగోటీ ముడి నడుముల దిగుతుంది. గట్టిగ కడితే ఊపిరాడదు, వదులుగ కడితే ఇజ్జత్ ఆగదు."

తెర వెనుక మిషన్ ఉలిక్కిపడ్డట్టు చిన్నగా మోగింది. తెర సందులోంచి అతన్ని చూస్తున్న సలోమి నోట్లో చీర కొంగు కుక్కుకుంది.

"కార్ఖానా బస్తీ కంటోన్మెంట్‌ల గోరా సోల్జర్లు ఆడేటప్పుడు ముందట సంచి ఉన్న చెడ్డీ వేస్కుంటుండిరంట. అసువంటిది కుట్టగలరా?"

గిర్ర్. ఔను.

మూడు వారాలు తిరిగేసరికి ఆర్థర్ కొత్త చెడ్డీతో మళ్ళీ వచ్చాడు. దేవసహాయం చాయ్ తాగడానికి వెళ్ళాడు. దుకాణంలో అతనూ, తెరా మిగిలారు.

"లంగోటీ కంటె ఇది మేలు ఖలీఫా సాబ్. ముడి లేదు, హాయిగ కూసోవచ్చు. కానీ గుండీ ఉంది చూడండి, కార్నర్ కిక్ పట్టిన ఊపుల అది తెగి పోయింది. బంతిని ఒక చేత్తోటి, చెడ్డీని ఒక చేత్తోటి పట్టుకున్న. గోల్ పోయింది."

సలోమికి నవ్వూ, పౌరుషమూ కలిసి వచ్చాయి. గుండీ పెట్టడం తన తప్పే. ఎలాస్టిక్ దొరకడం లేదు. బట్టను ఐమూలగా కత్తిరిస్తే దానంతటదే సాగుతుంది కదా అని ఆ క్షణంలోనే తట్టింది.

"ఇంకొకటి కుడతరా?"

గిర్ర్.

ఆర్థర్ వెళ్ళలేదు. స్టూలు తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"సొంత సంగతి ఒకటి అడుగుత. చర్చిల ఆదివారం రెండో ఆరాధనకు ఒక పిల్ల పాడుతది. నీలం చీర, రెండు జడలు. నేను ఈ ఊరికి కొత్త, ఎవరి బిడ్డనో తెల్వది. నేను లోపలికి నడిచి వస్తుంటే చాలు, తల దించుకొని నవ్వుతది. ఆమెకు నచ్చిననంటరా?"

సలోమి తన నీలం చీర వైపు చూసుకుంది. కాలు పెడల్ మీంచి తీసేసింది. మిషన్ మోగలేదు.

"అయ్యో, పెద్దమనిషిని పరేషాన్ చేసిన," అని ఆర్థర్ లేచి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధన ముగిసేసరికి వాన పట్టుకుంది. చర్చి వసారాలో ఆర్థర్ ధైర్యం చేసి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మీరు నన్ను చూసి ఎందుకు నవ్వుతరండి?"

సలోమి అతని ముఖం చూసింది. బంతి ఒక చేత, చెడ్డీ ఒక చేత గుర్తొచ్చాయి. పెదవులు బిగించింది, బుగ్గలు ఉబ్బాయి, చివరికి ఆగలేక పకపకా నవ్వేసింది. పాటల పుస్తకం నెత్తిన పెట్టుకుని వానలోకి పరుగెత్తింది.

ఆర్థర్ చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు అతను దుకాణానికి వచ్చేసరికి దేవసహాయం మళ్ళీ చాయ్‌కి వెళ్ళాడు. ఐమూలగా కత్తిరించిన రెండో చెడ్డీ బల్ల మీద సిద్ధంగా ఉంది. ఆర్థర్ దాన్ని చేత్తో సాగదీసి చూశాడు. మెత్తటి బట్ట, గుండీ లేదు, ముడి లేదు, కుట్టు ఒక్కటి కూడా గుచ్చుకోదు.

"ఇది తొడుక్కుంటే తొడుక్కున్నట్టే తెల్వదు ఖలీఫా సాబ్. ఏం లాభం. కాజీపేటకు బదిలీ అడుగుతున్న, రేపే కాగితం ఇస్త. ఆ పిల్ల నన్ను ఎగతాళి చేస్తుంది. ఆమెను మర్చిపోవాల్నా?"

గిర్ర్. గిర్ర్.

"కాదంటరా?" అతను తెర వైపు వంగాడు. "ఎగతాళి కాదంటరా?"

గిర్ర్.

"ఔనంటే, ఎగతాళి కాదనా? నా మీద ఇష్టమున్నదా ఆమెకు?"

మిషన్ ఆలోచించింది. ఇప్పుడు ఊరుకుంటే రేపు కాగితం, ఆ తర్వాత కాజీపేట బండి. చెబితే ఖలీఫా చచ్చిపోతాడు, దుకాణం గుట్టు బయటపడుతుంది.

గిర్ర్.

"మీకెట్ల తెలుసు?"

తెర పక్కకు జరిగింది. నీలం చీర, రెండు జడలు, వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తాన.

ఆర్థర్ ముఖంలో రంగులన్నీ వచ్చి పోయాయి. నడుములో దిగిన ముడి, తెగిన గుండీ, ఆగని ఇజ్జత్, ఒక్కొక్కటీ అతనికి గుర్తొస్తున్నట్టు కళ్ళలోనే కనిపించింది. చేతిలో చెడ్డీని వీపు వెనుక దాచుకున్నాడు.

"దాస్తే ఏంది, నేనే కుట్టిన," అంది సలోమి నేల చూస్తూ. "నవ్వింది ఎగతాళికి కాదు. మీరు నడిచి వస్తుంటే ముడి ఊడిందో, గుండీ తెగిందో అని భయమయ్యేది. భయానికి నవ్వు వస్తది నాకు."

"నలుగురికి చెప్పుకోలేని మాటలన్నీ మీకే చెప్పిన."

"నేను ఎవ్వరికి చెప్పలే. మీరు సుత ఖలీఫా సంగతి ఎవ్వరికి చెప్పొద్దు."

"చెప్ప. బదిలీ కాగితం సుత ఇయ్య."

గుమ్మంలో దగ్గు వినిపించింది. దేవసహాయం గాజు గ్లాసుతో నిలబడి ఉన్నాడు. తెర తొలగి ఉండడం చూశాడు, ఇద్దరి ముఖాలూ చూశాడు, గ్లాసు నిదానంగా బల్ల మీద పెట్టాడు.

"మా ఖలీఫాను చూసినవు. ఇగ నిన్ను ఊరికే పోనిస్తె నా దుకాణం బంద్. ఏం చేద్దామంటవు?"

"మీరు ఒప్పుకుంటె, ఆమె ఒప్పుకుంటె, పాస్టరుగారితో మాట్లాడుకుందాం మాస్టరు," అన్నాడు ఆర్థర్. వెనుక చేతిలో చెడ్డీ ఇంకా అట్లాగే ఉంది.

"నీ కొలతలన్ని మా దగ్గర ఉండనే ఉన్నయి. పెండ్లి సూటుకు మళ్ళ తీసే తక్లీఫ్ లేదు." దేవసహాయం కూతురి వైపు తిరిగాడు. "ఏమంటవు బిడ్డా?"

సలోమి గిరుక్కున తిరిగి లోపలికి పోయి తెర లాగేసుకుంది. మగవాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

గిర్ర్.

ఆర్థర్ రెండోసారి కోసం భయం భయంగా చెవి పెట్టాడు. రెండోసారి రాలేదు. ఆ మొదటిదే ఆగలేదు. గిర్ర్ర్ర్ర్ మని తెర పూలు ఊగేలా, బల్ల మీద చాయ్ వణికేలా మోగుతూనే ఉంది.

"అర్థమైంది, ఇగ ఆపు బిడ్డా," అన్నాడు దేవసహాయం. "దారం అయిపోతది."