పదమూడో నెల జీతం

"అమ్మేదైతే దానితోపాటు నన్నూ అమ్మెయ్," అన్నాడు నెస్టర్, కరావోకే మెషీన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.

"నిన్నెవరు కొంటారు? అదైతే కనీసం శ్రుతిలో పాడుతుంది," అంది ఫెలీసా. పెనం మీదున్న పియాయా రొట్టెను ఒక్క విసురుతో తిరగేసింది. లోపలి బెల్లం చిట్లి పొగ లేచింది.

పొద్దున కాఫీ దగ్గర మొదలైన గొడవ మధ్యాహ్నమైనా తెగలేదు. బయట వాన రేకుల మీద దరువేస్తోంది. మే చివర నెస్టర్ పనిచేసే చెరకు మిల్లు మూశారు. మళ్ళీ అక్టోబరులోనే తెరవడం. ఈ నెలల్లో ఇంట్లోకి వచ్చేది ఫెలీసా రొట్టెలు అమ్మిన డబ్బు, పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ ఆ మెషీన్ అద్దెకిస్తే వచ్చే డబ్బు. అంతే.

"నా గురించి మీరిద్దరూ కొట్టుకోకండి," అంది కూతురు జెనెలిన్.

"నీ గురించి కాదు ఇందాయ్, మెషీన్ గురించి," అన్నాడు తండ్రి, ముద్దుపేరుతో పిలుస్తూ.

మూల కుర్చీలో కూర్చున్న లోలా నవ్వింది. నెస్టర్ తల్లి ఆవిడ. ఆ మెషీన్ మీద ఇంట్లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునేది ఆవిడే.

నిజానికి గొడవ జెనెలిన్ గురించే. ఆమె బకోలోద్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తుంది. అక్కడ జీతాలు చూసే ఎస్తెర్ అక్క నవంబరులో భర్త దగ్గరికి దుబాయ్ వెళ్ళిపోతోంది. జీతాలు, కోతలు, బీమా లెక్కలు తప్పు లేకుండా చెయ్యగలిగితే ఆ కుర్చీ నీదేనన్నాడు ఓనరు. అక్టోబరు చివర పరీక్ష పెడతానన్నాడు. చెయ్యలేకపోతే బయటి నుంచి మనిషిని తెచ్చుకుంటాడు. జెనెలిన్ మళ్ళీ మేకులు తూచుకుంటూ ఉండాలి.

ఫోన్లో చవగ్గా ఒక కోర్సు దొరికింది. తెరిచి చూస్తే అన్నీ అమెరికా పన్నులే. క్రిస్మస్ ముందు బోనసులా అందే, ప్రతి పనివాడూ ఎదురుచూసే పదమూడో నెల జీతం మాటే అందులో లేదు. ఇక మిగిలింది ఊళ్ళో పేరున్న ట్రైనింగ్ సెంటర్. అక్కడి ఫీజు, మెషీన్‌కి పక్కవీధి ఆయన ఇస్తానన్న ధర దాదాపు ఒక్కటే.

"చేతిలో సర్టిఫికెట్ ఉంటే ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడతారు," అంది ఫెలీసా. "బాల యేసు పటం పక్కన జాగా కూడా చేసి పెట్టాను. శుక్రవారం పక్కవీధి ఆయన డబ్బు తెస్తాడు. అంతే ఇక."

సోమవారం షాపు అయ్యాక జెనెలిన్ సెంటర్‌కి వెళ్ళింది. ఫీజు కాగితం చూసి, "నాన్న కరావోకే మెషీన్ పోయినట్టే," అని తనలో తను గొణుక్కుంది.

కౌంటర్ వెనకున్న కుర్రాడు తలెత్తాడు. అతని చొక్కా మీద రోమెల్ అని రాసి ఉంది.

"మీ షాపులో ఎంతమంది పనివాళ్ళు?" ఆమె నింపిన అప్లికేషన్ వైపు చూసి అడిగాడు.

"ముప్ఫైమంది."

"జీతాలు దేన్లో చేస్తారు?"

"మామూలు ఎక్సెల్‌లో."

అతను ఆమె చేతిలోని అప్లికేషన్ మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. "అయితే ఇక్కడ చేరకండి."

"ఏం? నా మొహం ఫీజు కట్టేవాళ్ళ మొహంలా లేదా?"

"అయ్యో, అది కాదండీ..."

మేనేజరు గది తలుపు తెరుచుకుంది. రోమెల్ నోరు మూసుకుని కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ సర్దడం చూసి జెనెలిన్‌కి ఒళ్ళు మండింది.

"సార్, మీ కౌంటర్లో మనుషుల మొహాలు చూసి చేర్చుకుంటారా?" అని జరిగిందంతా చెప్పేసింది. మేనేజరు నవ్వు పులుముకుని, గురువారం ట్రయల్ క్లాసుకు రమ్మన్నాడు. అది ఉచితమన్నాడు.

గుమ్మం దాటుతూ ఆమె ఒకసారి వెనక్కి చూసింది. రోమెల్ మొహంలో కోపం లేదు. జీప్‌నీ బస్సులో ఇంటిదాకా ఆ మొహమే కళ్ళ ముందు ఆడింది.

గురువారం సాయంత్రం కౌంటర్లో వేరే అమ్మాయి ఉంది.

"రోమెల్ లేడా?"

"తీసేశారు. ఎవరో వచ్చి కంప్లయింట్ ఇచ్చిందట. పాపం, ఇప్పుడు రేవు రోడ్డులో వాళ్ళ మావయ్య చికెన్ బండి దగ్గరుంటున్నాడు."

జెనెలిన్ తల దించుకుని లోపలికి వెళ్ళింది. క్లాసులో తెర మీద రంగురంగుల సాఫ్ట్‌వేర్ తిరుగుతోంది. చివర ప్రశ్నలడగమంటే చెయ్యెత్తింది.

"మా నాన్న మిల్లులో ఏడాదికి ఎనిమిది నెలలే పని చేస్తాడు. ఆయన పదమూడో నెల జీతం ఎలా లెక్కెయ్యాలండీ?"

"అది రెండో లెవెల్లో వస్తుందమ్మా. దాని ఫీజు వేరు."

సంచీ భుజాన వేసుకుని, వానలోనే రేవు రోడ్డుకి నడిచింది.

రోమెల్ నిప్పుల మీద విసనకర్ర ఆడిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "కాలా, ఛాతీనా?"

"క్షమాపణ."

విసనకర్ర ఆగింది. "అది మా దగ్గర దొరకదు. కస్టమరే తెచ్చుకోవాలి."

"తెచ్చాను. మీ ఉద్యోగం నా వల్లే పోయింది."

"తెలుసు. అక్కడే ఉన్నాగా."

"మరి కారణం చెప్పొచ్చుగా ఆ రోజే!"

"మేనేజరు ముందా? ఆ కోర్సులో నేర్పేది వెయ్యిమంది పనిచేసే కంపెనీల సాఫ్ట్‌వేర్. మీ షాపు గుమ్మం కూడా తొక్కదు."

"ఇలా ఎంతమందికి చెప్పారు?"

"మీకొక్కరికే. మెషీన్ అన్నారు కదా." అతను కోడికాలు తిరగేశాడు. "మా ఇంట్లోనూ ఒకటుండేది. అమ్మి నన్ను అదే కోర్సులో చేర్చారు. అది చదివితే నాకొచ్చిన ఉద్యోగం ఏమిటో తెలుసా? ఆ కోర్సు అమ్మే కుర్చీ."

జెనెలిన్ సంచీలోంచి ఒక కాగితం తీసి అతని ముందుంచింది. "ఇది నాన్న లెక్క. ఆయన జీతం చీటీలు చూసి రాత్రి నేనే వేశాను."

అతను వంగి చూశాడు. "ఏడాది జీతం మొత్తాన్ని ఎనిమిదితో భాగించారు. పన్నెండుతో భాగించాలి."

"పని చేసింది ఎనిమిది నెలలేగా?"

"అయినా సరే."

జెనెలిన్ మొహం పాలిపోయింది. ఆ పెద్ద అంకె చూసి నాన్న క్రిస్మస్‌కి పందిని కాల్చి విందు పెడతానని వీధంతా చెప్పేశాడు. "అంటే నాకు చేతకాదనేగా?"

"మొదటిసారి నేనూ ఎనిమిదితోనే భాగించాను. మిల్లు ఇళ్ళలో పుట్టినవాళ్ళం అందరం అదే చేస్తాం."

"మీరు చెప్తే నమ్మెయ్యాలా?"

"నమ్మొద్దు. లేబర్ ఆఫీసులో చిన్న పుస్తకం ఉంటుంది, అడిగితే ఊరికే ఇస్తారు. మీరే చూసుకోండి."

శుక్రవారం ఓనరుని అడిగి గంట ఆలస్యంగా షాపుకి వెళ్ళింది. ఆ గంటలో పుస్తకం తెచ్చుకుంది. దారిలో చదివింది, మధ్యాహ్నం అన్నం తింటూ చదివింది. పన్నెండే. అర్థం కాని వాక్యాన్ని మళ్ళీ చదివితే అర్థమైంది. ఇంకో రెండు పేజీలు తిప్పేసరికి ఉలిక్కిపడింది. సాయంత్రం షాపు మూయగానే పరుగులాంటి నడకతో బండి దగ్గరికి చేరింది.

"ఓవర్‌టైమ్ కలపకూడదు! నేను కలిపాను, మీరూ పట్టుకోలేదు!"

రోమెల్ కాగితం తీసుకుని చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నిజమే. నాకు తట్టలేదు. మరింకేం, మీకు టీచరు అక్కర్లేదు."

"టీచరొద్దు. నా తప్పులు పట్టుకునే మనిషి కావాలి."

"నా తప్పులో?"

"అవి నేను పట్టుకుంటాను. శనివారాలు నాకు సెలవు."

"నాకు వారమంతా సెలవే, మీ దయవల్ల." నవ్వి, అంతలోనే ఆగాడు. "ఆ రోజు వెళ్తూ వెనక్కి తిరిగి చూశారు. ఎందుకు?"

"తిడతారేమోనని."

"తిట్టలేదుగా."

"అందుకే ఇంకా తిరిగి చూస్తూనే ఉన్నాను."

విసనకర్ర ఆడించడం మరిచిపోయాడు. కోడికాలు ఒకటి మాడింది. వెనక నుంచి మావయ్య కేకేశాడు.

"పరీక్ష పోతే?" అని మెల్లగా అడిగింది.

"పోవచ్చు. కానీ మెషీన్ ఇంట్లోనే ఉంటుంది. నేనూ ఉంటాను."

ఇల్లు చేరేసరికి పక్కవీధి ఆయన అప్పుడే వచ్చి ఉన్నాడు. మెషీన్ పనిచేస్తోందని చూపించడానికి నెస్టర్ పాడుతున్నాడు. అది పాటలా లేదు, సాగనంపుతున్నట్టుంది. ఫెలీసా కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిపాయ ఘాటన్నట్టు ముక్కు ఎగబీల్చింది. అక్కడ ఉల్లిపాయలేవీ లేవు.

"క్షమించండి బాబాయ్, అమ్మడం లేదు," అంది జెనెలిన్. ఆయన సణుక్కుంటూ గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

"పిచ్చి పట్టిందా నీకు?" ఫెలీసా గరిటె పట్టుకునే ముందుకొచ్చింది. "మరి పరీక్ష? ఆ గోడ మీద జాగా?"

"పరీక్ష రాస్తాను. జాగా కొన్నాళ్ళు ఖాళీగా ఉండనీ అమ్మా." జెనెలిన్ చిన్న పుస్తకం బల్ల మీద పెట్టింది. "నాన్నా, నీ లెక్క తప్పు వేశాను. తక్కువే వస్తుంది. పంది మాట మర్చిపో. ఆ తప్పులో సగం నేనే చదివి పట్టుకున్నాను. మిగతాదీ చదువుకోగలను."

నెస్టర్ పాట ఆపేశాడు. లోలా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మిగతా సగం ఎవరు పట్టుకున్నారు?" అడిగింది ఫెలీసా.

జెనెలిన్ ప్లేట్లు తీసి బల్ల మీద సర్దింది. ఎవరి వైపూ చూడకుండా, నెమ్మదిగా అంది.

"రోమెల్ అని. రేపటి నుంచి ప్రతి శనివారం వస్తాడు, చదువుకి." ఒక్క క్షణం ఆగింది. "చదువుకి మాత్రమే కాదు."