కుదరని కౌగిలింత

"ఇదెవరు?" అంది కోచ్, లాప్‌టాప్ తెర వైపు వేలు చూపించి.

"మీరే!" అన్నాడు అద్దాలబాబు సంబరంగా.

కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు కాబట్టి ఆ పేరు ఆమే పెట్టింది. ఆమె పిల్లలకు ఈత నేర్పే కోచ్. పవరున్న గాగుల్స్ కోసం షాపులోకి వస్తూ తలుపు పైచెక్కకి తల కొట్టుకున్న రోజు నుంచీ ఇద్దరికీ స్నేహం. అంత పొడుగు ఆమె. అతనేమో 'పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు' అన్న సామెతలో మొదటి సగం.

వీడియో గేముల్లో బొమ్మల్ని తనకు నచ్చినట్టు మార్చుకోవడం, అదే మాడింగ్, అతనికి పిచ్చి. "నన్నూ ఓ గేములో పెట్టవోయ్" అని ఆమె సరదాకి అన్నందుకు, "ఇందులో హీరో మీకంటే పొడుగండీ" అని మురిసిపోయి, తిండీ నిద్రా మరిచి హీరోయిన్‌కి ఆమె ముఖం, ఆమె జడ, మెడలో విజిలూ అతికించాడు.

తెరమీద ఆ హీరోయిన్ హీరో భుజం దాకా వచ్చి ముద్దుగా నవ్వుతోంది.

కోచ్ నవ్వలేదు. "బావుంది" అని, కౌంటర్ మీది తన గాగుల్స్ తీసుకుని షాపులోంచి వెళ్ళిపోయింది.

అతనికి తలా తోకా అర్థం కాలేదు. ముక్కు తేడా వచ్చిందేమోనని కాస్త సన్నం చేసి మెసేజ్ పెట్టాడు: "ముక్కు మార్చాను. చూస్తారా?"

"నా ముక్కుకేమైంది?" అని వచ్చింది జవాబు.

జడ పెంచాడు. "జడ జోలికి రాకు" అంది. విజిల్ రంగు మార్చాడు. దానికి అసలు జవాబే లేదు.

"అక్కా, 'బావుంది' అంటే అర్థమేంటే?" అని ఇంట్లో అక్కని పట్టుకున్నాడు.

"ఎలా అంది? సాగదీసిందా, తుంచేసిందా?"

"తుంచేసింది."

"అయితే బాలేదని. ఇక్కడ బుర్ర గోక్కునే బదులు వెళ్ళి ఆ అమ్మాయినే అడుగు."

మర్నాడు ఈతకొలను దగ్గరికి వెళ్ళాడు. పిల్లలు వెళ్ళిపోయారు. కోచ్ తడి టవల్ పిండుతోంది.

"నా తప్పేంటో చెప్పండి. ముక్కు కాదు, జడ కాదు. ఇంకేం మార్చాలో తోచట్లేదు."

"ఫోటో దిగితే వెనక్కెళ్ళమంటారు. పెళ్ళిచూపులైతే లేవకమ్మా అంటారు. చిన్నప్పట్నించీ అందరూ నన్ను తగ్గమనేవాళ్ళే. నువ్వొక్కడివే ఎప్పుడూ అనలేదు." ఆమె టవల్‌ని ఇంకాస్త గట్టిగా పిండింది. "చివరికి నువ్వూ తగ్గించేశావు కదా!"

"అయ్యో, ముందు మీ ఎత్తే పెట్టానండీ! కౌగిలింత కుదరలేదు."

"ఏ కౌగిలింత?"

"గేము చివర్లో ఒకటుంది. హీరో చేతులు మీ పొట్టలోంచి దూసుకుపోతున్నాయి. తలేమో పక్కటెముకల్లో ఇరుక్కుపోతోంది."

"ఆగాగు. ఆ హీరో నాకంటే పొడుగని నువ్వే చెప్పావుగా?"

అతను నీళ్ళు నమిలాడు. "అతన్ని... మీకంటే ముందే తగ్గించాను."

"ఎంతకి?"

"నా అంతకి."

కోచ్ చేతిలో టవల్ జారిపోయింది. "అంటే హీరో..."

"ముఖం నాది పెట్టలేదండీ! ఎత్తొక్కటే!" అన్నాడు, ఇంకాస్త అడ్డంగా దొరికిపోతూ.

"మరి నన్ను తగ్గించే బదులు కౌగిలింతే మార్చొచ్చుగా?"

"మార్చొచ్చు. ఎలా ఉండాలో తెలిస్తే కదా."

ఆమె కిందపడ్డ టవల్ తీసి పక్కన పెట్టింది. ఆ ముఖంలో ఉన్నది కోపమో, నవ్వో అతనికి అంతుపట్టలేదు. కొలను అంచున, ఈతగాళ్ళు దూకడానికి కట్టిన దిమ్మె చూపించింది. "అదెక్కు."

"నాకు ఈత రాదండీ!"

"తొయ్యనులే. ఎక్కు."

ఎక్కాడు. ఇద్దరి కళ్ళూ మొదటిసారి ఒకే ఎత్తుకొచ్చాయి. ఆమె దగ్గరికొచ్చి హత్తుకుంది. అతని చేతులు మాత్రం గాల్లోనే ఉండిపోయాయి.

"చేతులెక్కడ పెట్టాలండీ?"

"వీపుమీద వెయ్యి. ఆ 'అండీ' తీసేయ్."

వేశాడు. గుండె దడదడలాడుతోంది, ఎవరిదో తెలియడం లేదు.

"కుదిరిందా?" అంది చెవి దగ్గర.

"కుదిరింది. కానీ... గేములో దిమ్మె లేదు."

"అయితే దిగు."

దిగాడు. అతని చెంప ఆమె భుజానికి ఆనింది. ఆమె కొంచెం కూడా వంగలేదు.